కోరంగి మడయడవిలో పక్షిదర్శనము

మా చొప్పదండి ప్రాంతమువారికి గోదావరి యనగా ధర్మపురియే. పర్వదినమున స్నానము, నరసింహస్వామి దర్శనము, ఒక చెంబెడు నీరు ఇంటికి తెచ్చుకొనుట: ఇంతటితో నదికిని మాకును గల సంబంధము ముగియును. ఆ నీరు ధర్మపురి రేవు దాటి ఎచ్చటికి పోవునో, తుదకేమగునో యని విచారించువారు అరుదు. త్ర్యంబకమున పుట్టి 1465 కిలోమీటర్లు నడచిన యీ నది సముద్రమును చేరుచోట ఒక విచిత్రమైన సీమ కలదు. అది పూర్తిగ నేల గాదు, పూర్తిగ నీరును గాదు. దినమునకు రెండుమారులు సముద్రము దానిని కప్పును, రెండుమారులు విడిచిపోవును. అదియే కోరంగి మడయడవి. చిన్న దోనెలో కూర్చుండి అచ్చటి పక్షులను చూచివచ్చిన ముచ్చటను సోదరీమణులకు విన్నవింపదలచితిమి. ముచ్చటతో పాటు, ఎగువసీమ ఇల్లాండ్రు ఆలోచింపదగిన సంగతి యొకటి అందున్నది. దానిని గూడ చెప్పెదము.

సంక్రాంతి సెలవులలో మా వారు, మా అత్తగారు, ఇద్దరు బాలికలతో బయలుదేరితిమి. కాజీపేటలో రాత్రి బండి యెక్కితిమి. దాని పేరు గౌతమి ఎక్స్‌ప్రెస్. నది పేరుగల బండి మమ్ము నది తుదకు చేర్చుట మా అత్తగారికి శుభశకునముగా తోచెను. ఉదయమునకు కాకినాడ దిగితిమి. అచ్చటినుండి యానాముపోవు బాటలో చొల్లంగి యున్నది. గోదావరి యేడుపాయలై సముద్రమున కలియునని పెద్దలు చెప్పుదురు. అందు తుల్యభాగ కలియుచోటు చొల్లంగి. వసిష్ఠ కలియుచోటు అంతర్వేది. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో స్నానమాడి సప్తసాగర యాత్ర ప్రారంభించుట ఆచారము. మా అత్తగారి సంకల్పమదియే గనుక, అమావాస్యనాడు అచ్చట స్నానములు ముగించి, మఱునాడు కోరంగి చేరితిమి. కాకినాడనుండి కోరంగికి ఇరువది కిలోమీటర్లకు మించదు.

కోరంగి పూర్వము గొప్ప ఓడరేవు. అచ్చట ఓడలు కట్టెడివారు, చెడినవానిని బాగుచేసెడివారు. బర్మాకు పోయిన తెలుగువారి నెల్ల అచ్చటివారు కోరంగీలని పిలిచిరనగా, ఆ రేవు పేరెంత దూరము పాకినదో గ్రహింపవచ్చును. 1789లో నొకమారు, 1839 నవంబరులో మఱియొకమారు ఉప్పెనలు వచ్చి దానిని తుడిచిపెట్టినవి. కలకత్తాలోనుండి బంగాళాఖాతపు తుపానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ అను నతడు 1848లో వానికి సైక్లోన్ అని పేరు పెట్టెను. చుట్టచుట్టుకొన్న పాము పోలికచే ఆ పేరు కల్పించెనందురు. రేవు పోయినది, ఓడలు పోయినవి, మడయడవి మాత్రము నిలిచినది. 1978లో ప్రభుత్వమువారు సుమారు 235 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును అభయారణ్యముగా ఏర్పరచిరి. నీటికుక్కలును, చేపలను వేటాడు అడవిపిల్లులును అందు వసించుచున్నవి.

ఈ యడవిని చూడగోరువారు గడియారమునకన్న ముందు పంచాంగమును చూడవలెను. సముద్రము పొంగివచ్చుటను పోటనియు, తగ్గిపోవుటను పాటనియు అచ్చటివారందురు. పోటు రమారమి ఆఱుగంటలు, పాటు రమారమి ఆఱుగంటలు. నేటి పోటుకంటె రేపటి పోటు సుమారు 50 నిమిషములు ఆలస్యముగ వచ్చును. మన లెక్కలో నది తిథికి రెండు గడియలన్నమాట. అమావాస్యకును పున్నమకును సూర్యచంద్రులు ఒకే వరుసలోనుండి నీటిని లాగుటచే పోటు మిక్కిలి పెద్దది. అష్టమి దరిదాపుల చిన్నది. ఒక్కొక్క తీరమునకు అమావాస్యనాటి పోటువేళ యొకటి నియతమై యుండును. ఆ వేళ నెఱిగి, తిథికి రెండు గడియలు కూడుకొన్నచో ఏనాటి పోటైనను ఉజ్జాయింపుగ తెలియును. ఏకాదశి ఉపవాసమును, పౌర్ణమి వ్రతమును తప్పక లెక్కించుకొను ఇల్లాండ్రకు ఈ లెక్క కష్టము గాదు.

ముందుగా అటవీశాఖవారు వేసిన చెక్కబాటమీద నడచితిమి. ఇరువైపుల మడచెట్లు. వాని చుట్టును బురదనుండి వ్రేలంత పొడవుగల ముక్కలు వేలకొలది పైకి పొడుచుకొని యున్నవి. అవి ముళ్ళు గావు, వేళ్ళు. బురదలో గాలి చొరదు గనుక ఆ వేళ్ళు పైకి వచ్చి ఊపిరి తీసికొనును. ఉప్పుపొన్న యను చెట్టు కొమ్మలనుండి ఊడలవంటి వేళ్ళు దింపి, పందిరిరాటలవలె బురదలో పాతుకొనును. దాని విత్తు చెట్టుమీదనే మొలకెత్తును. మొలక జానెడు పెరిగినపిదపగాని తల్లిచెట్టు దానిని విడువదు. పోటునీటిలో విత్తనము కొట్టుకొనిపోవునని ఎఱిగిన తల్లి, బిడ్డకు కాలు నిలుచువఱకు చంకదింపదు గదా! తిల్ల యను చెట్టు మఱియొకటి. దాని పాలు కంటబడిన చూపునకే ముప్పు. పిల్లలను ఆకులు త్రుంపనీయరాదని అచ్చటివారు మమ్ము హెచ్చరించిరి.

చెక్కబాటమీద కొంగలు తప్ప ఎక్కువ పక్షులు కానరావు. మాటలకును అడుగుల చప్పుడునకును అవి దూరముగ తొలగును. యంత్రపు పడవలును ఉన్నవి గాని, వాని మ్రోత వినినంతనే పక్షులు లేచిపోవును. అందుచేత అడవి అంచుపాయలో చేపలు పట్టుకొను దంపతుల చిన్న దోనెను కుదుర్చుకొంటిమి. భర్త వెనుక నిలిచి గడ వేసెను. భార్య ముందు కూర్చుండి తెడ్డు వేసెను. పిల్లలకు నీటిలో తేల్చు చొక్కాలు తొడిగి, మేమును తొడుగుకొని, నీటిమట్టమునకు మూరెడు ఎత్తున కదలక కూర్చుంటిమి.

నీటికంత దగ్గరగ కూర్చుండుటయే పక్షిదర్శనమునకు ముఖ్యసాధనము. నిలువెత్తు మనిషిని చూచి బెదరు పక్షి, నీటిమీద మెల్లగ తేలివచ్చు వస్తువును చూచి అంతగ బెదరదు. ఇందులకే ఉత్తర ధ్రువ ప్రాంతమున మంచుసీమలలోని వేటగాండ్రు కయాక్ అను ఒంటిమనిషి పడవను కల్పించిరి. కట్టెల చట్రముమీద సీలు చర్మము బిగించిన పడవ యది. ఆ చర్మములను చుక్కనీరు చొరకుండ కుట్టువారు ఆ యింటి స్త్రీలు. కుట్టు వదులైనచో మంచునీటిలో భర్త ప్రాణములు పోవును. అట్టి కుట్టుపనిమీద అచ్చటి సంసారములు నిలిచినవి. నేడు లోకమున నానాదేశములవారు ప్లాస్టికుతో చేసిన కయాకులలో కూర్చుండి పక్షులను చూచుచున్నారు. మా దోనెకు ఆ పేరు లేదుగాని గుణమదియే.

మేము బయలుదేరునప్పటికి పాటు ముగిసి, పోటు తిరుగుచుండెను. పాయకిరుప్రక్కల బురదదిబ్బలు బయటపడి అద్దములవలె మెరయుచుండెను. మొదట చూచిన పిల్లలకు అచ్చట బురద తప్ప ఏమియు కానరాలేదు. కొంతసేపు చూచునప్పటికి బురదయంతయు కదలుచున్నట్లు తోచెను. ఒక డెక్క పెద్దది, ఒక డెక్క చిన్నదిగా గల ఎండ్రకాయలు. రెక్కలనే కాళ్ళుగ చేసికొని ప్రాకు బురదచేపలు. వానిని ఏరుకొని తిను పక్షులు.

ఆ పక్షుల భోజనము చూడదగినది. పెండ్లిపంక్తిలో నెవరి విస్తరి వారికున్నట్లు, ఆ బురదలో నెవరి లోతు వారికున్నది. పొట్టిముక్కుగల చిన్నపిట్టలు పరుగెత్తి ఆగి, కంటికి కనబడిన పురుగును పైపైన ఏరుకొనును. వానికంటె పొడుగుముక్కు గల ఉల్లంకులు ముక్కు సగము దింపి వెదకును. కొడవలివలె వంగిన జానెడు ముక్కుగల పెద్దవి లోతైన బొరియలలోని ఎండ్రకాయను పట్టి లాగును. నీరు నిలిచిన గుంటలలో తెడ్డుమూతికొంగ తన ముక్కును ఇటునటు త్రిప్పి నీటిని జల్లించును. నత్తగుల్లకొంగ ముక్కునడుమ సందుండును. అందుచే నది నత్తలను పట్టి చీల్చును. ఒకరి విస్తరిలో నింకొకరు చేయిపెట్టుట అరుదు. కొమ్మలమీద లకుముకి పిట్టయు, రెక్కలారబెట్టుకొను నీటికాకియు, ఆకసమున తెల్లని తలగల గరుడపక్షియు నుండెను. గరుత్మంతుని చూచి మా అత్తగారు చేతులు జోడించిరి.

కావ్యములు చదువుకొన్న మాకు హంసలు, చక్రవాకములు, క్రౌంచములు పేరులవలన చిరపరిచితములు. కాని పేరులెఱిగిన పక్షులలో కంటజూచినవెన్ని? చక్రవాకమనునది చలికాలమున మన జలాశయములకు వచ్చు ఎఱ్ఱని బాతు. దమయంతికి రాయబారము దెచ్చిన హంసను వర్ణించు పద్యమునకు అర్థము చెప్పగలిగిన స్త్రీలు, తమ చెరువులో వ్రాలిన పక్షి పేరు చెప్పలేకుండుట విద్యకు వెలితియే.

ఉల్లంకులలో పెక్కు మన దేశపువి గావు. అవి సైబీరియాలో గ్రుడ్లు పెట్టి, భాద్రపద ఆశ్వయుజములలో దిగివచ్చి, చైత్ర వైశాఖములకు మరలిపోవును. కయాకులు పుట్టిన ఆ మంచుసీమలే ఇందులో కొన్నిటికి పుట్టినిండ్లు. వానిలో గ్రేట్ నాట్ అను బూడిదవన్నె బొద్దుపక్షి యొకటి కాకినాడ తీరమునకు వచ్చును. సైబీరియా తూర్పుకొనలో పుట్టి, సముద్రములు దాటివచ్చు ఈ పక్షి 2015లో అంతరించు ప్రమాదముగల జాతులలో చేర్పబడినది. కారణము వేటమాత్రమే గాదు. దక్షిణ కొరియాలో సేమాంగం అనుచోట 33 కిలోమీటర్ల గోడ కట్టి, 2006లో పోటునీటిని అడ్డగించిరి. దారిలో దిగి ఆకలి తీర్చుకొను బురద యెండిపోయెను. వేలకొలది పక్షులు వచ్చి చూచిన, అన్నము పెట్టు నిల్లు లేదు. అవి వేఱొకచోట సుఖముగ నుండవచ్చునని తలచినవారికి, తరువాతి లెక్కలలో వాని సంఖ్య తగ్గుటయే సమాధానమైనది.

పోటు పెరిగినకొలది బురద మునుగును. పక్షులు వెనుకకు జరుగుచు మన వైపునకే వచ్చును. దోనెను ఒకచోట గడకు కట్టి ఊరకుండినచో, మనము వానికడకు పోనక్కరలేదు, అవియే వచ్చును. బురదయంతయు మునిగిన పిదప అవి యెత్తైన ఇసుకదిబ్బమీద గుంపుగ నిలిచి, ఒంటికాలిమీద విశ్రమించును. ఆ సమయమున వానిని లేపుట మహాపాపము. వేల మైళ్ళ ప్రయాణమునకు కొవ్వు కూడబెట్టుకొను పక్షి, మన సరదాకై లేచి ఎగిరిన ప్రతిమారు, ఆ కూడబెట్టుకొన్నదానిని ఖర్చుచేయును. మా పెద్ద బాలిక చప్పట్లు చరచి అన్నిటిని ఒకేసారి ఎగురగొట్టవలెనని ముచ్చటపడెను. "పాపం, నిద్దరోతున్నాయమ్మా, లేపకు" అని తెడ్డు వేయునామె మెల్లగా వారించెను.

కొంతసేపటికి పాయ తెరపిగల చోటున, నల్లని వీపును నారింజవన్నె ముక్కునుగల నాలుగు పక్షులు నీటిని ఒరసికొనుచు పోయినవి. వాని క్రింది ముక్కు పైముక్కుకంటె పొడవు. దానిని నీటిలో దింపి, కత్తెరతో పట్టుచీరను చీల్చినట్లు నీటిని చీల్చుకొనుచు ఎగురును. చేప తగిలినంతనే పైముక్కు మూసికొనును. ఇండియన్ స్కిమ్మర్ అని పుస్తకములలో దీని పేరు. ఇదియు 2020 నుండి అంతరించు ప్రమాదముగల జాతియే. నదులలోని ఇసుకతిన్నెలమీద గ్రుడ్లు పెట్టు పక్షి గనుక, నది చెడిన దీని సంసారము చెడును.

ఇచ్చట మాకును దోనెవారికిని జరిగిన మాటలను ఉన్నవున్నట్లు వ్రాయుచున్నాము. పాయ నిండుగ పారుచుండుట చూచి మా అత్తగారు నిట్టూర్చి, "ఇన్ని నీళ్ళు సముద్రంల కలిసి వృథా అయితున్నయి గదా! బాయిలెండి మేమెంత గోస పడ్డమో" అనిరి.

తెడ్డు వేయునామె వెనుదిరిగి, "వృథా ఎలాగవుద్దండి, పెద్దమ్మగారూ? పైనుంచి తీపినీళ్ళొస్తేనే గదండీ మాకు రొయ్య. వరద రాని యేడు ఈ పాయంతా ఉప్పు కషాయమేనండి. రొయ్య లేదు, పిట్టా లేదు" అనెను.

మా అత్తగారు చాలసేపు పలుకలేదు. బావులెండిన కరువులను చూచినవారు వారు. బిందెడు నీటికి తెల్లవారుజామున లేచి క్రోసెడు నడచినవారు. వారి మాటలో అబద్ధము లేదు. తుదకు, "అయితే గా నీళ్ళల్ల మీకు గూడ పాలున్నదన్నట్టు" అనిరి.

ఈ మాట మేము పలుమారు తలచుకొంటిమి. మా సీమలో బ్రతుకు ఆపిన నీటిమీదనే యున్నది. పోచంపాడునొద్ద శ్రీరామసాగరము నిలిపిన నీరు కాకతీయ కాలువలో మానేరు జలాశయమువఱకు వచ్చును. 2019 నుండి ఎల్లంపల్లి నీరు సొరంగములలో నడచి, నంది మేడారమునను, మా పొరుగున లక్ష్మీపురమునను గొప్ప యంత్రములచే పైకెత్తబడినది. ఆ నీటివలన పండిన వడ్లే మా యింట వండుకొనుచున్నాము. ఆనకట్టలు వలదనుటకు మాకు నోరురాదు, రానక్కరలేదు.

కాని నది తెచ్చునది నీరుమాత్రమే గాదు, ఒండ్రుమట్టి. దక్కను నల్లరేగళ్ళనుండి, మన మానేరు చేలనుండి కొట్టుకొనిపోయిన మట్టియే దిగువను బురదయై, ఎండ్రకాయలకు ఇల్లై, పక్షులకు అన్నమై, మడచెట్లకు నిలువనీడయైనది. ఆనకట్టవెనుక నీరు నిలిచినపుడు ఆ మట్టి అడుగుకు దిగి అచ్చటనే యుండిపోవును. కొలిచిన లెక్కలనుబట్టి 1970 దశకమున ఏటేట సుమారు 15 కోట్ల టన్నుల మట్టిని తెచ్చిన గోదావరి, 1990 దశకమున 6 కోట్ల టన్నులకు లోపుగనే తెచ్చినది. మట్టి తగ్గినచోట సముద్రము నేలను కోసికొనిపోవును. ఆ కాలమున డెల్టా అంచున పోయిన నేల, వచ్చిన నేలకంటె ఎక్కువయని పరిశోధకులు తేల్చిరి. మడయడవి నిలిచినచోట అల విరుగును. అది లేనిచోట అల ఊరిమీదికి వచ్చును. 1839 నాటి కథ విన్నవారికి ఇది చిన్నమాట కాదు.

అనేక కోడండ్రున్న యింట పాలకుండ ఒకటియే యున్నపుడు, ముందు లేచిన కోడలు తన బిడ్డలకు పోసికొనుట తప్పు గాదు. కుండ బోర్లించి, మిగిలినది పిల్లి త్రాగిపోవుచున్నదనుట తప్పు. సముద్రమున కలియు నీరు వృథాయనుట అట్టి మాటయే. అది పిల్లి త్రాగు పాలు గాదు; చివరి కోడలి బిడ్డ త్రాగు పాలు. ఎంత ఆపవలెను, ఎంత విడువవలెను అనునది ఇంజనీర్లు, ప్రభుత్వములు తేల్చవలసిన లెక్క. ఆ లెక్కలో చివరి పాలొకటి కలదని మఱువకుండుట మనవంటివారి పని. మన పిల్లలు బడిలో నదుల పాఠము చదువుకొనునపుడు ఆ మాట చేర్చి చెప్పిన చాలును.

చెడినదానిని కొంత బాగుచేయవచ్చుననుటకును నిదర్శనము కోరంగిలోనే యున్నది. చెట్లు నరికివేయబడి నేల ఉప్పుదేరినచోట, చేపయెముక ఆకారమున కాలువలు త్రవ్వి పోటునీటిని లోపలికి పారించి, మడమొక్కలు నాటిరి. ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు, అటవీశాఖవారు, పల్లెలవారు కలిసి గోదావరి కృష్ణల ముఖములయందు ఈ పని నడపిరి. నీరు వచ్చిపోవు దారి యేర్పడినంతనే అడవి తనంతట తాను తిరిగి లేచుట చూచినవారు కలరు.

పోగోరు సోదరీమణులకు కొన్ని మాటలు. మార్గశిరమునుండి మాఘమువఱకు పక్షులకు మంచి కాలము. పోటు తిరుగుటకు ముందుగ చేరవలెను. మెరయు పట్టుచీరలు, గాజుల గలగలలు పనికిరావు. మట్టిరంగు బట్టలు మేలు. దూరదర్శిని యొకటి నలుగురికి చాలును. నీటికుండ, గొడుగు, పిల్లలకు అటుకులు తప్పక కొనిపోవలెను. ప్లాస్టికు సంచియొకటి కూడ నీటబడవేయరాదు. ఇది మగవారి వినోదమని సంకోచింపవలదు. సలీం అలీగారు 1931లో నిజాము రాష్ట్రమున పక్షులను పరిశీలింప బయలుదేరినపుడు, వారి భార్య తెహ్మీనాగారు వెంట నడచి, అడవులలో గుడారపు సంసారమును దిద్దుకొనిరి.

అంతదూరము పోలేనివారికిని కొదువలేదు. చలికాలమున మన ఊరి చెరువునకు వలసబాతులు వచ్చును. ప్రతి సంవత్సరము జనవరిలో ఆసియా దేశములందెల్ల నీటిపక్షులను లెక్కించు ఆచారము కలదు. ఆ నెలలో ఒక ఉదయము పిల్లలతో గట్టుమీద కూర్చుండి, ఎన్ని జాతులో, ఒక్కొక్కటి యెన్నియో ఒక పుస్తకమున వ్రాసిపెట్టుకొనుడు. మఱుసటి యేడు మరల వ్రాయుడు. పది సంవత్సరముల పిమ్మట ఆ పుస్తకము మీ చెరువు చరిత్రయగును.